ఎనిమిది మంది అటు, నేనొక్కదాన్ని ఇటు

సాఫ్ట్‌బాల్‌లో ఫీల్డింగ్ చేసే జట్టుకు తొమ్మిది మంది. అందులో ఎనిమిది మంది బ్యాటర్ వైపు చూస్తూ నిలబడతారు. క్యాచర్ ఒక్కతే బ్యాటర్ వెనక కూర్చుని మైదానం వైపు చూస్తుంది. 2006లో, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా పీఈటీ సార్ నన్ను తెచ్చి ఆ చోట కూర్చోబెట్టారు. "బంతి మీదికొస్తుంటే కండ్లు మూసుకోని పిల్లవు నువ్వొక్కదానివే" అన్నారు. 2017లో ఆఖరి మ్యాచ్ ఆడేదాకా నా చోటు మారలేదు. ఆ తర్వాత పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాను. ఆడటం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లే పట్టింది. ఆ ఏళ్ల గురించే రాస్తున్నాను.

ముందు ఆట గురించి రెండు మాటలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌బాల్ అంటే ఇప్పటికీ "మెత్తటి బంతితో క్రికెట్టా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. 1887లో అమెరికాలోని చికాగోలో ఇది పుట్టినప్పుడు బాక్సింగ్ గ్లోవ్‌ను తాడుతో చుట్టి బంతిలా చేసుకుని, చీపురు కర్రతో కొట్టారు. మెత్తదనం అప్పటి మాట. ఇప్పటి బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. క్రికెట్ బంతి బరువు 160 గ్రాముల దగ్గర ఉంటే ఇది 180 గ్రాముల పైనే ఉంటుంది, గట్టిగానే ఉంటుంది. ఆడవాళ్ల ఆటలో బంతి వేసే పిచ్చర్ 43 అడుగుల దూరంలో నిలబడి, చేతిని చక్రంలా ఒక చుట్టు తిప్పి, తొడ పక్క నుంచి కింది చేత్తో విసురుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వేస్తే బంతి వచ్చేది అర సెకను కాస్త అటూ ఇటూగా. క్యాచర్ ఆ బంతిని పట్టాలి, అంతకంటే ముందు ఏ బంతి వేయాలో వేళ్లతో అడగాలి.

మా గుర్తులు ఇవి: తొడల మధ్య ఒక వేలు చూపిస్తే ఫాస్ట్, రెండు చూపిస్తే డ్రాప్, అంటే దగ్గరికొచ్చి కిందికి పడే బంతి, నాలుగు వేళ్లూ ఆడిస్తే చేంజప్, అంటే అదే ఊపుతో వేసినా నెమ్మదిగా వచ్చే బంతి. ఉమ్మడి రాష్ట్ర జట్టులో మా పిచ్చర్ అనంతపురం పిల్ల, ఎడమచేతి వాటం. అక్కడి ఆర్డీటీ సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో ప్రాక్టీసు చేసేది. మొదటి క్యాంపులో ఆమె మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, నా తెలంగాణ యాస ఆమెకు అంతే. కానీ వేళ్లు చూపిస్తే ఇద్దరికీ అర్థమయ్యేది. బ్యాటర్ పాదాలు ప్లేట్‌కు, అంటే కొట్టే చోట నేల మీద ఉండే పలకకు, దగ్గరగా జరిగితే నేను ఏం అడుగుతానో ఆమెకు ముందే తెలిసేది. ఆమె భుజం కాస్త తొందరపడితే బంతి నేలకు కొడుతుందని నాకు ముందే తెలిసి మోకాళ్లు దించేదాన్ని. అప్పుడు అది నాకొక విద్య అనిపించలేదు. శ్వాస తీసుకోవడం లాంటిదే అనుకున్నా.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. మా జట్టూ రెండైంది. రాష్ట్రం కావాలని కాలేజీ రోజుల్లో బందుల్లో తిరిగినదాన్నే, తెలంగాణ పేరున్న టీషర్ట్ వేసుకున్న రోజు కళ్లు చెమర్చాయి. అదే రోజు రాత్రి సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కి, పక్క బెర్తులో అనంతపురం పిల్ల లేకపోతే ఏమీ తోచలేదు. రెండూ నిజమే.

ఒక నేషనల్స్‌లో ఆమె ఆంధ్రకు పిచ్చర్, నేను తెలంగాణకు బ్యాటర్. అన్నేళ్లూ ఆమె బంతుల్ని పట్టానే గానీ ఒక్కసారీ ఎదుర్కోలేదు. రెండు స్ట్రైకులయ్యాయి, ఇంకొకటైతే నేను అవుట్. ఇప్పుడు డ్రాప్ వేస్తుందని నాకు తెలుసు, అలాంటప్పుడు నేను అడిగేది అదే. నాకు తెలుసన్న సంగతి ఆమెకూ తెలుసు. కొత్త క్యాచర్ వేళ్లు చూసి రెండుసార్లు తల అడ్డంగా ఊపింది. తర్వాత చేంజప్ వేసింది. బంతి ఇంకా రాకముందే నేను బ్యాట్ తిప్పేశాను. ఆమె నవ్వలేదు, చిన్నబుచ్చుకున్న మొహంతో నేల వైపు చూసింది. సాయంత్రం మెస్‌లో నా ప్లేటులో తన గుడ్డు కూడా పెట్టి పోయింది.

అప్పటికే పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి, పీఈటీలు చదివే బి.పి.ఎడ్ పూర్తిచేశాను. మా బ్యాచ్‌కు అది ఏడాది కోర్సే, తర్వాత రెండేళ్లు చేశారు. పాఠాలు బాగా చెప్పారు. కండరాల పేర్లు, శిక్షణ ప్రణాళికలు, మైదానం గీయడం అన్నీ నేర్చుకున్నా. ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేరాను. నాలుగేళ్లు చేసిన పని చెప్పాలంటే డ్రిల్, మార్చ్‌పాస్ట్, వార్షికోత్సవానికి పిరమిడ్లు, లైన్లో నిలబెట్టడం. ఉన్న కాస్త గ్రౌండ్‌లో కొత్త బ్లాక్ కట్టారు. తర్వాత ఆటల పీరియడ్ వరండాలో క్యారమ్స్‌తో గడిచేది. ఆ పిల్లల ముందు నిలబడి విజిల్ ఊదుతుంటే గుండె బరువెక్కేది. ఇంతకుమించి ఆ స్కూలు గురించి చెప్పేదేం లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, జీతం ఆగిపోయింది. 2021లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. రేషన్ షాపు ముందు నిలబడి ఆ బియ్యం తెచ్చుకున్నాను. ఇంక ఈ ఆటతో బతుకు లేదని, బ్లౌజులు కుట్టడం నేర్చుకుందామని అప్పటికి నిర్ణయించుకున్నా.

ఆ జూలై 27న సాయంత్రం నాలుగున్నరకు ఫోన్‌లో ఒలింపిక్ ఫైనల్ చూశాను. 1996లో అట్లాంటాలో ఒలింపిక్స్‌లోకి వచ్చిన సాఫ్ట్‌బాల్‌ను 2008 బీజింగ్ తర్వాత తీసేశారు. పదమూడేళ్లకు టోక్యోలో మళ్లీ పెట్టారు. జపాన్, అమెరికా. జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో. 2008లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడి 413 బంతులు వేసి దేశానికి బంగారం తెచ్చిన మనిషి. ఈ ఫైనల్ నాటికి ఆమెకు 39 ఏళ్లు. మధ్యలో ఆమెను తప్పించి చిన్నమ్మాయికి బంతిచ్చారు, చివరి ఇన్నింగ్స్‌లో మళ్లీ తెచ్చారు. సాఫ్ట్‌బాల్‌లో ఆ వీలుంది, మొదటి నుంచీ ఆడుతున్నవాళ్లు బయటికెళ్తే ఒకసారి తిరిగి రావచ్చు.

నేను పదిసార్లు వెనక్కి జరిపి చూసింది మాత్రం ఆరో ఇన్నింగ్స్. రన్నర్లు వరసగా తాకుతూ పరిగెత్తాల్సిన మూలల్ని బేస్‌లంటారు. అమెరికా అమ్మాయి కొట్టిన బంతి బుల్లెట్‌లా వచ్చి మూడో బేస్ దగ్గరి ఫీల్డర్ చేతికి తగిలి ఎగిరింది. అంతే, అయిపోయిందనుకున్నా. కానీ రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ అప్పటికే అటు వెనక్కి పరిగెత్తి వచ్చింది. బంతి నేల తాకకముందే అందుకుని, రెండో బేస్‌కు విసిరి ఇంకొకరిని కూడా అవుట్ చేసింది. ఆ అమ్మాయి తన చోట నిలబడి ఉంటే ఆ బంతి దొరికేది కాదు. తనది కాని బంతి వెనక పరిగెత్తడం ఆమెకు అలవాటైపోయింది. ఎవరో ఆమెకు చిన్నప్పుడే నేర్పారు. ఆ ఎవరో ఏం మాటలతో నేర్పి ఉంటారని నాకు రాత్రంతా నిద్రపట్టలేదు. జపాన్ 2-0తో గెలిచింది.

ఆ వారం మా వారాసిగూడ గల్లీలోని నలుగురు ఆడపిల్లల్ని దగ్గరి మున్సిపల్ గ్రౌండ్‌కు తీసుకెళ్లాను. పొద్దున ఆరింటికి. రెండు గ్లోవ్‌లు, మూడు పాత బంతులు, ముగ్గుపిండితో గీసిన గీతలు. గ్రౌండ్ మధ్యలో క్రికెట్ పిల్లలు, అంచుల్లో వాకింగ్ చేసే పెద్దలు. మాకు నీళ్ల ట్యాంక్ పక్క మూల దొరికింది.

మా పిల్లలందరూ గల్లీ క్రికెట్ చూసి పెరిగినవాళ్లు. బంతి కొట్టగానే బ్యాట్ పట్టుకునే పరిగెత్తేవాళ్లు. ఇక్కడ బ్యాట్ కింద వదిలేయాలి. మొదటి బేస్ దగ్గరికి రాగానే ఆగిపోయేవాళ్లు. ఇక్కడ ఆ బేస్ తాకి దాటి ముందుకు పరిగెత్తొచ్చు, ఆగితేనే నష్టం. బంతి ఆపుదామని బ్యాట్ అడ్డం పెట్టేవాళ్లు. ఇవన్నీ నెల రోజుల్లో పోయాయి. గొంతుక్కూర్చోవడం మన పిల్లలకు చిన్నప్పటి నుంచీ అలవాటే, క్యాచర్‌కు అది వరమే అనుకున్నా. తీరా చూస్తే మడమలు పూర్తిగా ఆనించి కూర్చుంటున్నారు. అలా కూర్చుంటే పక్కకు పోయే బంతికి కదల్లేరు. మునివేళ్ల మీద బరువు పెట్టి కూర్చోవడం విడిగా నేర్పాల్సి వచ్చింది.

పోనిది ఒక్కటే. పిచింగ్.

చేయి చక్రంలా తిప్పడం వచ్చింది, కాలు ముందుకు వేయడం వచ్చింది. బంతి మాత్రం గాలిలో ఎక్కడికో పోయేది. చివర్లో మణికట్టు దగ్గర ఒక విదిలింపు ఉండాలి, అది రావట్లేదు. నేను పిచ్చర్‌ను కాను గానీ కొన్ని వేల బంతులు పట్టినదాన్ని, ఏది సరైనదో నా గ్లోవ్‌కు తెలుసు. చెప్పడానికి నోట్లో మాట లేదు. "రిస్ట్ స్నాప్ చెయ్యి, ఫాలో త్రూ చెయ్యి" అని బి.పి.ఎడ్ పుస్తకంలోని మాటలే అప్పజెప్పేదాన్ని. పిల్లలు తలూపి మళ్లీ అలాగే వేసేవాళ్లు. ఒకరోజు కోపమొచ్చి "ఎన్నిసార్లు చెప్పాలే" అని అరిచాను. పదకొండేళ్ల పిల్ల "అర్థమైతలేదు మేడం" అంది, మెల్లగా. తప్పు ఆ పిల్లది కాదని ఇంటికొచ్చే దారిలో నాకు తెలుస్తూనే ఉంది.

మరుసటి రోజు గ్రౌండ్‌కు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నా. మా అత్తమ్మ వాకిట్లో సాన్పి, అదే కళ్లాపి, చల్లుతోంది. ఎడమ చేత్తో బకెట్, కుడి చేత్తో నీళ్లు తోడుకుని, చేయి కిందికి వదిలి, తొడ పక్క నుంచి ముందుకు తెచ్చి, చివర్లో మణికట్టు ఒక్క విదిలింపు. నీళ్లు విసనకర్రలా పరుచుకుని పడ్డాయి. చేయి అక్కడ ఆగలేదు, తేలిగ్గా భుజం దాకా లేచింది. నేను ఒక చెప్పు వేసుకుని అలాగే నిలబడిపోయాను. "ఏమైందమ్మా, మర్చిపోయినవా ఏమన్నా?" అంది అత్తమ్మ. "ఇంకొక్కసారి చల్లు అత్తమ్మా" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి చల్లింది.

ఆ రోజు బంతులు పక్కన పెట్టి బకెట్ తీసుకెళ్లాను. "సాన్పి చల్లినట్టు" అన్నాను. అంతే. వాళ్లు రోజూ చేసే పనే అది, లేకపోతే అమ్మ చేస్తుంటే చూసేదే. అరగంట నీళ్లు చల్లించాక చేతికి బంతిచ్చాను. నిన్న "అర్థమైతలేదు" అన్న పిల్ల వేసిన మూడో బంతి నా గ్లోవ్ మధ్యలో టప్పుమంది. ఆ చప్పుడు వినక నాలుగేళ్లయింది. అప్పటి నుంచీ ఏది నేర్పాలన్నా ముందు మన ఇళ్లలో, మన గల్లీల్లో ఆ కదలిక ఎక్కడుందో వెతుక్కుంటున్నాను. నేల మీద దొర్లుకుంటూ వచ్చే బంతికి రెండు చేతులూ ఎలా పెట్టాలో చెప్పడానికి చేటలో బియ్యం పట్టడం చూపించాను. అది కూడా పనిచేసింది.

తల్లిదండ్రులతో మాట్లాడటం ఈ పనిలో సగం. ఎండకు నల్లబడతారని, ట్రాక్‌ప్యాంట్ వేసుకుంటే చుట్టాలేమంటారని, టెన్త్ ఉందని అడ్డం పడేవాళ్లు. నేను వాదించను. ఒక ఆదివారం వచ్చి గ్రౌండ్ దగ్గర కూర్చోమంటాను. వచ్చిన తల్లుల్లో మళ్లీ వద్దన్నవాళ్లు తక్కువ. ఇంకో కష్టం ఎవరూ పైకి అడగనిది, గ్రౌండ్‌లో ఆడపిల్లలకు బాత్రూం లేదు. ఎదురింటి పెద్దమ్మ ఒకావిడ తన ఇంటి వెనక తలుపు తీసిపెట్టింది. ఆవిడ లేకపోతే పెద్ద పిల్లలు నెలకు వారం రోజులు మానేసేవాళ్లు, తర్వాత మొత్తానికే మానేసేవాళ్లు. కోచింగ్ గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి చెప్పరు. నేను చెప్తాను, ఎందుకంటే నా తోటి ఆడిన ముగ్గురు అలాగే ఆటకు దూరమయ్యారు.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. ఉప్పల్ నుంచి, మెట్టుగూడ నుంచి, హబ్సిగూడ నుంచి పిల్లలు రావడం మొదలైంది. రోజుకు ముప్పై, నలభై రూపాయల చార్జీ అడ్డమై రాలేకపోయిన పిల్లలు వీళ్లు. ఏడుగురున్న పిల్లలు పదహారు మందయ్యారు. మొదటిసారి రెండు జట్లుగా విడిపోయి మ్యాచ్ ఆడుకోవాలంటే ఇంకో ఇద్దరే తక్కువ. ఆ రోజు నేనూ ఒక తల్లీ దిగాం.

మొదటి జిల్లా స్థాయి పోటీలో నేను చేసిన తప్పు చెప్పాలి. మా క్యాచర్ పన్నెండేళ్ల పిల్ల, నాకంటే మెత్తటి చేతులు. కానీ ఆట తెలిసింది నాకే కదా అని ప్రతి బంతికీ పక్కనుంచి నేనే సైగ చేశాను. చెవి పట్టుకుంటే ఫాస్ట్, ముక్కు పట్టుకుంటే చేంజప్. ఆ పిల్ల ప్రతిసారీ నా వైపు మెడ తిప్పి చూసి, మళ్లీ పిచ్చర్ వైపు తిరిగి వేళ్లు చూపించేది. నాలుగో ఇన్నింగ్స్‌లో నా వైపు చూసి తిరిగేలోపు మొదటి బేస్ రన్నర్ ఎంత ముందుకు ఒరిగిందో గమనించలేదు. బంతి పిచ్చర్ చేయి దాటగానే ఆ అమ్మాయి ఉరికింది. మా పిల్ల కంగారుపడి దాదాపు 85 అడుగుల దూరం ఉన్న రెండో బేస్ మీదుగా బంతిని ఔట్‌ఫీల్డ్‌లోకి విసిరేసింది. ఓడిపోయాం. బస్సులో ఆ పిల్ల "సారీ మేడం" అంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మైదానం మొత్తం కనబడే ఒకే ఒక్క చోట కూర్చున్న పిల్లను, ఆ మైదానం వైపు చూడనివ్వకుండా నా వైపు తిప్పుకున్నాను.

రాత్రి అనంతపురం ఫోన్ చేశాను. ఆమె కూడా ఇప్పుడు అక్కడ పిల్లలకు నేర్పుతోంది. అంతా విని కాసేపు మాట్లాడలేదు.

"మనకు ఆ పొద్దు ఎవురు చెప్పిరి మే? నువ్వు వేలు చూపిస్తివి, నేను తలూపితి. నచ్చకపోతే ఊపకపోతి. అట్లనే కదా నేర్చుకుంటిమి" అంది. "ఆ పిల్ల చేతికి ఇడ్సిపెట్టు. రెండు మ్యాచ్‌లు పోతాయి. పోనీ."

మూడు మ్యాచ్‌లు పోయాయి. నేను బెంచీ మీద రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నిజామాబాద్ పిల్లలతో ఆడినప్పుడు ఒకచోట నేనైతే డ్రాప్ అడిగేదాన్ని. మా పిల్ల నాలుగు వేళ్లూ ఆడించింది. తప్పు అనుకున్నా, పెదవి కొరుక్కున్నా. బ్యాటర్ ముందుగానే తిప్పేసి అవుటైంది. సాయంత్రం అడిగితే "ఆమె రెండుసార్లు బ్యాట్ జల్దీ తెచ్చింది మేడం, మీకు అక్కడి నుంచి కనబడలేదేమో" అంది. కనబడలేదు.

ఈ ఏడాది మొదట్లో ఉప్పల్ నుంచి ఎడమచేతి వాటం పిల్ల వచ్చింది. మా దగ్గర ఎడమచేతి వాళ్లకు పనికొచ్చే గ్లోవ్ లేదు. కుడిచేతి వాళ్లు గ్లోవ్‌ను ఎడమ చేతికి తొడుక్కుంటారు, ఈ పిల్లకు కుడి చేతికి తొడిగేది కావాలి. వారం రోజులు మా గ్లోవ్‌నే ఎడమ చేతికి తొడుక్కుని, బంతి పట్టి, గ్లోవ్ ఊడదీసి చంకలో పెట్టుకుని, అదే చేత్తో విసిరేది. అప్పటికి రన్నర్ ఇంకో బేస్ దాటేది. కోఠిలో, సికింద్రాబాద్‌లో ఆటవస్తువుల షాపులన్నీ తిరిగాను. తెప్పించాలి, టైం పడుతుందన్నారు, చెప్పిన ధర నా దగ్గర లేదు. ఫోన్‌లో మాటల మధ్య ఈ సంగతి అనంతపురానికి చెప్పాను. సాయం అడగలేదు, చెప్పానంతే.

నాలుగు రోజులకు పార్శిల్ వచ్చిందని ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి ఫోన్. వెళ్లి తెచ్చుకున్నా. పాత చీర ముక్కలో చుట్టి, పైన గోనెసంచితో కుట్టి ఉంది. విప్పక ముందే వాసన తెలిసింది, కొబ్బరి నూనె. మా ఇద్దరికీ కొత్త గ్లోవ్ మెత్తబడాలంటే కొబ్బరి నూనె రాసి, మధ్యలో బంతి పెట్టి, తాడు చుట్టి, రాత్రి పరుపు కింద పెట్టుకునే అలవాటు. బొటనవేలి దగ్గర తోలు అరిగి నల్లగా నిగనిగలాడుతోంది. వేళ్ల మధ్య అల్లిన తోలు తాడు రెండు చోట్ల తెగింది. ఎన్నో క్యాంపుల్లో నా బెర్తు పక్కన వేలాడిన గ్లోవ్ అది. చీటీ లేదు.

సుల్తాన్ బజార్ దగ్గర చెప్పులు కుట్టే తాతకు ఇచ్చాను. ఆయన ఇంతకు ముందు చూడలేదట, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ కాలికి బిడ్డా?" అన్నాడు. చేతికి తొడిగి చూపించాను. అర్థం చేసుకుని, సన్నటి తోలు కోసి, పాత రంధ్రాల్లోంచే పోనిచ్చి ముడి లోపలికి వచ్చేలా అల్లాడు. డబ్బులు తీసుకుంటూ "ఆడపిల్లలు ఆడేదా? మంచిది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆ పిల్ల కుడి చేతికి తొడిగాను. వేళ్లు సగం దాకానే వచ్చాయి, లోపల చోటు మిగిలింది. రెండు మూడుసార్లు తెరిచి మూసింది. క్యాచర్ పిల్ల ప్లేట్ వెనక మునివేళ్ల మీద కూర్చుంది. నేను దూరంగా, నీళ్ల ట్యాంక్ దగ్గరికి నడిచాను.